పొట్లకాయ గారి ప్రశ్నలు

జనవరి 6

నేను అరవను. ఈ సంగతి మొదటి పేజీలోనే రాసి పెట్టుకోవడం మంచిది. కాస్త గొంతు పెంచి వివరిస్తాను, అంతే. ఆసుపత్రి లైబ్రరీలో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుసగుసగానే మాట్లాడాలి. ఇంటికొచ్చేసరికి వాడని గొంతంతా అలాగే మిగిలిపోయి ఉంటుంది. దాన్నేం చేసుకోను?

ఈ డైరీ షెర్లీ ఇచ్చింది, క్రిస్మస్‌కి. కన్నకూతురు తల్లికిచ్చే బహుమతి ఇదీ. "జస్ట్ రైట్ ఇట్ డౌన్, మామ్. ఇన్‌స్టెడ్ ఆఫ్ యెల్లింగ్ ఎట్ డాడ్" అంది. వాళ్ల నాన్న పక్కనే కూర్చుని ప్లమ్ కేకు తింటూ, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి మంచు చూస్తున్నారు. విన్నిపెగ్‌లో ఇన్నేళ్లుండి కొత్తగా చూడ్డానికి ఆ మంచులో ఏముందో. ఇద్దరూ కూడబలుక్కున్నారు.

సరే, రాస్తాను. రాయడం నాకు చేతకాని పనా?

జనవరి 9

మా సేవ ఇవాళ మొదలైంది. దీని గురించి కొంచెం వివరంగా రాసి పెట్టుకోవాలి. రేపెప్పుడైనా ఎవరైనా ఇది తమ ఆలోచన అంటే తీసి చూపించడానికి పనికొస్తుంది.

కెనడాలో ఏ మూలనున్న తెలుగువాళ్లకైనా ఒంటికి సంబంధించిన సందేహం వస్తే మాకు ఫోన్ చేసి అడగొచ్చు. నమ్మదగిన సమాచారం వెతికి, తెలుగులో రాసి, ఎక్కడ దొరికిందో కింద వేసి పంపుతాం. వైద్యం చెప్పం, సలహా ఇవ్వం. సమాచారం మాత్రమే. పిల్లల దగ్గరికొచ్చి ఉంటున్న పెద్దవాళ్లు వాట్సాప్‌లో వచ్చినవన్నీ నమ్మి మెంతులు నానబెట్టుకుని తాగుతున్నారు, వాళ్లకోసం ఏదైనా చేయాలని లైబ్రేరియన్ల కాన్ఫరెన్సులో మొదట అన్నది నేనే.

ముగ్గురం లైబ్రేరియన్లం. మిస్సిసాగాలో రత్నకుమారి గారు, ఇక్కడ నేను, మాంట్రియల్‌లో ఇషిత. ఫోన్లు రత్నకుమారి గారు తీసుకుంటారు, ఎందుకంటే ఆవిడతో గోడలు కూడా కష్టసుఖాలు చెప్పుకుంటాయి. వెతికి రాయడం నా పని. ఇషిత చదివి చూస్తుంది. ఆ అమ్మాయి అక్కడే పుట్టి పెరిగింది, తెలుగు వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నంతే వచ్చు, కూడబలుక్కుని చదువుతుంది. ఇషితకి అర్థమైతే దేశంలో అందరికీ అర్థమైనట్టేనని రత్నకుమారి గారి సిద్ధాంతం.

ఒక నియమం మాత్రం నేను పట్టుబట్టి రాయించాను. అడిగినవాళ్ల పేరు, ఊరు, ఉద్యోగం, ఇంటి సంగతులు ఫోన్ తీసుకున్న మనిషి దగ్గరే ఆగిపోవాలి. రెండో మనిషికి తెలియకూడదు. మొగుడు అడిగినా, పెళ్లాం అడిగినా, పాస్టరు గారు అడిగినా, సాటి లైబ్రేరియన్ అడిగినా సరే. ముగ్గురం సంతకాలు పెట్టాం. ఇది రత్నకుమారి గారి కోసమే రాశానని ఆవిడకి తెలుసు. మంచి మనిషే. కానీ ఆవిడకి ఒక విషయం తెలిసిందంటే ఒంటారియో మొత్తానికి తెలిసినట్టే. కాన్ఫరెన్సులో భోజనం అయ్యేలోపల నేనెన్నడూ చూడని ముగ్గురి విడాకుల సంగతులు చెప్పారు.

పేర్ల బదులు నంబర్లు వేద్దామన్నాను. "నంబర్లేమిటండీ, మనుషులా ఖైదీలా?" అని రత్నకుమారి గారు కూరగాయల పేర్లు పెడదామన్నారు. ఇషిత "సో క్యూట్" అంది. ఓట్లేస్తే నేను ఓడిపోయాను. నాకేం బాధ లేదు.

జనవరి 12

ఆరాధన అయ్యాక చర్చి గుమ్మం దగ్గర కరపత్రాలు పంచాం. అంటే మా ఆయన చేత పంచించాను. కృపాదానం గారు పంచితే ఎవరైనా తీసుకుంటారు, మనిషి అంత మెత్తన. చివర్న ఒకటి మడిచి కోటు జేబులో పెట్టుకోవడం చూశాను.

"అదెందుకండీ?"

"చూయింగ్ గమ్ ఉమ్మి చుట్టడానికి" అన్నారు.

ఇదీ నా పనికి ఇంట్లో ఉన్న గౌరవం.

జనవరి 17

మొదటి ప్రశ్నలు వచ్చాయి. వంకాయ గారికి మోకాళ్లు. బెండకాయ గారు విటమిన్ డి ఎంత వేసుకోవాలని అడిగారు. చక్కగా రాసి పంపాను. బెండకాయకి రాసిందాంట్లో "ఇన్నాళ్లూ ఎండ మొహం చూడకుండా ఏం చేస్తున్నారు?" అన్న వాక్యం ఇషిత కొట్టేసింది.

"ఆంటీ, ఇట్ సౌండ్స్ లైక్ యూ ఆర్ మ్యాడ్ ఎట్ హిమ్."

నాకు కోపమెందుకు? శ్రద్ధ. శ్రద్ధకీ కోపానికీ తేడా తెలియని పిల్లల్ని పెంచుతున్నాం.

జనవరి 22

పొట్లకాయ గారు అని కొత్తగా ఒకరు. యాభై దాటినవాళ్లకి ప్రావిన్సు ప్రభుత్వం వాళ్లు పోస్టులో కిట్ పంపుతారు కదా, మలం కాస్త తీసి పంపితే అందులో కంటికి కనబడని రక్తం ఉందేమో చూస్తారు. ఈయన బుద్ధిగా చేసి పంపారట. "మామూలుగా లేదు, పెద్దపేగు పరీక్ష చేయించుకోవాలి" అని ఉత్తరం వచ్చిందట. ప్రశ్న ఇది: "దీనర్థం క్యాన్సరేనా? ఉన్నదున్నట్టు చెప్పండి, కానీ కాస్త మెల్లగా చెప్పండి."

ఎంత పద్ధతైన మనిషి. కిట్ రాగానే చేశారు, సందేహం రాగానే సరైన చోట అడిగారు. మా ఆయనకీ వచ్చింది, శరదృతువులో. ఎక్కడ పెట్టారో ఆ దేవుడికే తెలియాలి. అడిగితే "ప్రార్థనలో పెట్టాను" అన్నారు. కిట్ ప్రార్థనలో పెట్టేది కాదు, పోస్టులో పెట్టేది అని మూడుసార్లు వివరించాను.

జవాబు రాశాను. ఇలా వచ్చినవాళ్లలో చాలామందికి క్యాన్సర్ ఉండదు, మొలల వల్లా, పేగు గోడకి పెరిగే పాలిప్స్ అనే చిన్న కండల వల్లా కూడా రక్తం వస్తుంది, కానీ ఏదో తేల్చుకోవాలంటే రెండో పరీక్ష ఆలస్యం చేయకూడదు. పైన "బృహదాంత్ర అంతర్దర్శన పరీక్ష" అని శీర్షిక పెట్టాను.

"ఆంటీ, ఈజ్ దిస్ అ స్పేస్ మిషన్?" అంది ఇషిత.

"పెద్దపేగు లోపల చూసే పరీక్ష" అని మార్చాను. చివర్లో "భయపడి కూర్చుంటే జబ్బు మీకోసం ఆగుతుందా?" అన్నది కూడా కొట్టేసింది. పోనీలే.

జనవరి 28

పొట్లకాయ గారు మళ్లీ. పరీక్ష నొప్పి పుడుతుందా, ఆ గొట్టం ఎంత లావుంటుంది, మధ్యలో మెలకువ వస్తే ఏమిటి. తర్వాత ఇలా ఉంది: "ఇంట్లో చెప్పలేదండి. చెబితే మా ఆవిడ" అని, అక్కడ రత్నకుమారి గారు పెద్ద గీత కొట్టి "ఇంటి వివరాలు తీసేశాను" అని రాశారు. ఈ మధ్య మరీ అతిగా తీసేస్తున్నారు. సగం ప్రశ్న ఆవిడ కడుపులోనే ఉండిపోతోంది.

పాపం ఆ మనిషి. ఆ ఇల్లాలు ఎంత గయ్యాళి కాకపోతే ఒంట్లో ఇంత భయం పెట్టుకుని పైవాళ్లకి ఫోన్ చేసి అడుగుతాడు? సాయంత్రం ప్రార్థనలో పొట్లకాయ గారి పేరు, అంటే పొట్లకాయ అనే పేరు, మనసులో తలుచుకున్నాను.

భోజనాల దగ్గర మా ఆయనతో మామూలుగా అన్నాను, "కొన్ని ఇళ్లల్లో ఆడవాళ్లు ఎలా ఉంటారో ఏమిటో, మగవాళ్లు ఒంట్లో బాగాలేదని కూడా చెప్పుకోలేరు" అని. ఆయనకి నీళ్లు పొలమారాయి. దగ్గి దగ్గి, "అవును, పాపం" అన్నారు.

ఎవరి పేరూ చెప్పలేదు కనక నియమం తప్పినట్టు కాదు.

ఫిబ్రవరి 3

మైనస్ ముప్పై. కారు కదల్లేదు. మా ఆయన బాయిలర్లు చూసే స్కూలుకి బస్సులోనే వెళ్లారు. ఈ మధ్య మెతగ్గా ఉంటున్నారు. ప్రార్థన ఎక్కువైంది.

ఫిబ్రవరి 8

షెర్లీతో మాటామాటా వచ్చింది. రెండేళ్ల కిందట వాళ్ల నాన్నకి కొలెస్టరాల్ పెరిగిందని తెలిసినప్పుడు నేను చేసిన గొడవ ఇంకా మర్చిపోలేదట. ఏం గొడవ? మంచి వ్యాసాలు ఏరి, అచ్చు తీసి, ముఖ్యమైన చోట్ల పసుపు గీతలు పెట్టి ఇచ్చాను. ఫ్రిజ్ తలుపుకి గ్రాఫ్ అంటించాను. శనివారం శనివారం ఎంతవరకు చదివారో నాలుగు ప్రశ్నలు అడిగేదాన్ని. అలా పట్టించుకునే భార్య ఎంతమందికి దొరుకుతుంది?

"హీ వాజ్ స్కేర్డ్, మామ్. అండ్ యూ గేవ్ హిమ్ అ టెస్ట్."

టెస్టు కాదు. పునశ్చరణ.

ఫిబ్రవరి 12

ఇవాళ్టి రోజు మర్చిపోలేను. నిన్న రాత్రి వచ్చిన పొట్లకాయ గారి ప్రశ్న: "పరీక్షకి కొన్ని రోజుల ముందు నుంచి గింజలు తినకూడదని కాగితంలో ఉంది. పోపులో ఆవాలు గింజల్లోకి వస్తాయా? ముందు రోజు తేట నీళ్లలాంటివే తాగాలన్నారు. చారు తాగొచ్చా?"

వెతికాను. ఎక్కడా లేదు. యాపిల్ జ్యూసు, కోడి సూపు, జెల్లీ. ఇంగ్లిషు ప్రపంచం మొత్తంలో చారు సంగతి ఒక్కడూ రాయలేదు. మేముండేది ఇందుకే కదా.

పొద్దున్నే చారు కాచి ఫ్లాస్కులో పోసుకుని ఆసుపత్రిలో డైటీషియన్ ఎమిలీ దగ్గరికి వెళ్లాను. మిరియాలు, జీలకర్ర, ఉప్పు, ఇంత చింతపండు. టమాటా లేదు, ఎరుపు రంగు పనికిరాదు కనక. గాజు గ్లాసులో పోసి చూపిస్తే తల అడ్డంగా ఊపింది. పల్చటి గుడ్డలో వడకట్టాను, ఇంకా మడ్డిగానే ఉంది. టీ వడకట్టే జాలీలో గుడ్డ వేసి మళ్లీ వడకట్టాను. అప్పుడు గ్లాసు గోడ మీది క్యాలెండర్‌కి అడ్డం పెట్టి, అందులోంచి చూస్తే తారీకు చదవగలిగాను. "దట్ వుడ్ బి ఫైన్" అంది ఎమిలీ. మిగిలింది తాగి, చాలా బాగుందంది కూడా.

రాశాను: "ఆవాలు గింజలే, ఆ రోజుల్లో పోపులో మానేయాలి. చారు టమాటా లేకుండా కాచి, గుడ్డలో వడకట్టి, గ్లాసులో పోసి క్యాలెండర్‌కి అడ్డం పెట్టండి. చారులోంచి తారీకు కనబడితే తాగొచ్చు. మీ క్లినిక్ వాళ్లని కూడా ఒకసారి అడగండి."

క్యాలెండర్ పద్ధతి ప్రపంచంలో నేనే కనిపెట్టాను. ఇషిత ఐదు చప్పట్ల బొమ్మలు పంపింది. "గింజలు మానేయమంటే కూడా అడగాలా?" అన్నది ఒక్కటే కొట్టేసింది.

ఫిబ్రవరి 24

ఉప్మా చేశాను. మా ఆయన ఆవాలు ఒక్కొక్కటే వేలితో ఏరి కంచం అంచున పెడుతున్నారు. ఉప్మా చల్లారిపోతోంది. ఆవాలు మాత్రం అంచు చుట్టూ తిరిగొస్తున్నాయి.

"ఏమిటండీ ఇది, చిన్నపిల్లాడిలాగా?"

"పళ్లల్లో ఇరుక్కుంటున్నాయి."

ఇన్నేళ్లూ ఇరుక్కోనివి ఇవాళ ఇరుక్కుంటున్నాయా, వంట చేసిన మనిషంటే ఆ మాత్రం లెక్క లేదా అని కాస్త వివరించాను.

"మామ్, యూ ఆర్ డూయింగ్ ఇట్ అగైన్" అంది షెర్లీ మేడ మీద నుంచి. మేడ మీదికి వినబడిందంటే ఈ ఇంటి గోడలు పల్చగా ఉన్నాయని.

ఫిబ్రవరి 25

జామకాయ వద్దన్నారు. భీమవరం మనిషి, ఇండియన్ స్టోర్లో జామకాయ కనబడితే కోటు విప్పకుండానే కొరికే మనిషి, జామకాయ వద్దన్నారు.

ఫిబ్రవరి 26

పొట్లకాయ గారి నుంచి వచ్చింది చూసి మనసు పాడైపోయింది.

"పరీక్ష వచ్చే వారం, గురువారం. మత్తు ఇస్తారు కాబట్టి పెద్దవాళ్లెవరైనా వెంట వచ్చి ఇంటికి తీసుకెళ్లాలట. నాకు అలా రాగలిగినవాళ్లు ఒక్కరే, వాళ్లకి చెప్పలేదు. టాక్సీలో వెళ్లిపోతానంటే ఒప్పుకుంటారా? లేకపోతే వేసవికి మార్చుకుందామనుకుంటున్నాను."

వేసవికి. రక్తం పడిందని తెలిశాక, ఒక తోడు మనిషి లేడని, వేసవికి.

సాయంత్రం జూమ్‌లో ముగ్గురం మాట్లాడుకున్నాం. నేను రాసుకొచ్చింది చదివాను. "వాయిదా వేశారంటే మీ అంత మూర్ఖుడు లేడు" అన్న దగ్గర ఇషిత చెయ్యెత్తింది.

"ఆంటీ, వీ డోంట్ గివ్ అడ్వైస్. దట్స్ ఆన్ పేజ్ వన్."

"ఇది సలహా కాదమ్మా, నిజం."

"మూర్ఖుడు మీన్స్?"

చెప్పాను. కొట్టేసింది. నేను ఊరుకోలేదు. ఆ మనిషికి ఏదైనా అయితే ఆ గయ్యాళి భార్య రేపు ఏ మొహం పెట్టుకుని ఏడుస్తుంది, ఇన్నాళ్లూ పక్కనే ఉండి ఏం చూసినట్టు అని నాలుగు అన్నాను. రత్నకుమారి గారు ఒక్క ముక్క మాట్లాడలేదు. వాతావరణం గురించి అడిగితే అరగంట చెప్పే మనిషి. చివరికి "జ్ఞానవతి గారూ, మీరు బాగా రాయండి. మీరే రాయాలి" అని, గొంతు అదోలా పెట్టి, కెమెరా కట్టేశారు.

ఆవిడకి జలుబు చేసినట్టుంది.

ఫిబ్రవరి 27

సాయంత్రం బట్టలు మడత పెడుతున్నాను. మా ఆయన పనినుంచి వచ్చి, నన్ను చూసుకోలేదు, ఫ్రిజ్‌లోంచి చారు తీశారు. నా తెల్ల చున్నీ ముక్క ఒకటి జాలీలో వేసి వడకట్టారు. గ్లాసులో పోశారు. గోడ మీది చర్చి క్యాలెండర్‌కి అడ్డం పెట్టి, కళ్లజోడు పైకి తోసి, చారులోంచి తారీకు చదివారు.

"ఇరవై ఏడు" అన్నారు, తనలో తనే.

ఆ పద్ధతి ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

బట్టల బుట్ట మీద కూర్చుండిపోయాను.

ఫిబ్రవరి 28

భయంగా ఉంది. క్యాన్సర్ అనే మాట పనిలో రోజూ టైపు చేస్తాను, అక్షరాలు చూసుకోకుండానే. ఇవాళ ఆ మాట వెతకబోతే వేళ్లు కదల్లేదు.

మధ్యాహ్నం భోజనం మానేసి రత్నకుమారి గారికి ఫోన్ చేశాను.

"పొట్లకాయ గారు మా ఆయనేనా?"

"పొట్లకాయ గారు పొట్లకాయ గారేనండి."

"రత్నకుమారి గారూ, నేను ఆయన భార్యని."

"మొగుడు అడిగినా, పెళ్లాం అడిగినా, పాస్టరు గారు అడిగినా, సాటి లైబ్రేరియన్ అడిగినా" అని ఆవిడ నా నియమం నాకే అప్పజెప్పారు. కామాలతో సహా. "మీరు రెండు రకాలుగా అడుగుతున్నారు. రెండూ అందులో ఉన్నాయి."

బతిమాలాను. నేనెవర్నీ అంతగా బతిమాలి ఎరగను. ఆవిడ ఉన్నట్టుండి ఏడ్చేశారు. "నేనెవరి గురించీ చెప్పడం లేదు, ఊరికే అంటున్నాను. కడుపులో ఒక మాట దాచుకోవడం ఎంత కష్టమో మీకు తెలుసా? నోరు జారుతుందేమోనని నెల్లాళ్లుగా మా చెల్లెలికి ఫోన్ చేయడం మానేశాను. అదేమో నాకు దాని మీద కోపం వచ్చిందనుకుంటోంది."

ఒంటారియో మొత్తంలో గుట్టు దాచలేని మనిషి ఆవిడొక్కతే అనుకున్నాను. నేను రాసిన కాగితాన్ని పట్టుకుని అలా నిలబడిపోయారు. ఫోన్ పెట్టేశాక కోపం వచ్చింది, తర్వాత ఆవిడ మీద గౌరవం వచ్చింది, తర్వాత మళ్లీ కోపం వచ్చింది.

జనవరి 28న రాసుకున్నది తీసి చదివాను. గయ్యాళి అనే మాట కొంచెం ఎక్కువే. దాని మీద ఇషిత లాగా ఒక గీత కొట్టాను.

మార్చి 1

ఆయనంతట ఆయన చెప్పేదాకా నాకు తెలిసినట్టు కనబడకూడదు. అది నియమం. పైగా నిలదీస్తే ఎప్పటిలాగే "ప్రార్థనలో పెట్టాను" అంటారు, పరీక్ష వేసవికి పోతుంది. కనక నోరు మూసుకున్నాను. నిన్నట్నుంచి ఇంట్లో ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు.

మంచు బూట్లతో కార్పెట్ మీదికొచ్చారు. ఏమీ అనలేదు. ఆయన అక్కడే ఆగిపోయి బూట్లవైపూ నావైపూ చూశారు. కాసేపయ్యాక థర్మామీటరు తెచ్చిచ్చారు.

"జ్ఞానా, ఒంట్లో బాగానే ఉందా?"

మేడ మీద షెర్లీతో గుసగుసలు. "ఈజ్ మామ్ ఓకే? షుడ్ వీ కాల్ సమ్‌వన్?"

మార్చి 2

పొట్లకాయ గారికి జవాబు రాశాను. మొదటిసారి మూడు పేజీలొచ్చింది, దాదాపు అన్నీ తిట్లు. చింపేశాను. రెండోసారి రాసింది చదువుకుంటే ఏడుపొచ్చింది. అదీ చింపేశాను. చివరికి ఇది పంపాను.

"మత్తు పూర్తిగా దిగడానికి టైము పడుతుంది కాబట్టి ఆ రోజు ఒంటరిగా పంపరు. టాక్సీ డ్రైవరు తోడు మనిషి లెక్కలోకి రాడు. తోడు లేదని పరీక్ష మార్చుకునేవాళ్లు చాలామందే ఉంటారు. కానీ ఉత్తరం వచ్చాక పరీక్ష ఎంత తొందరగా అయితే అంత మంచిదని మేము చూసినవన్నీ చెబుతున్నాయి. ఇంట్లో నోటితో చెప్పడం కష్టమైతే ఈ కాగితం వాళ్ల చేతికి ఇవ్వొచ్చు. వాళ్లు మొదట గొంతు పెంచొచ్చు. అది భయం. కాసేపటికి తగ్గుతుంది."

ఇషిత చాలాసేపటికి రాసింది. "నథింగ్ టు కట్, ఆంటీ. ఫస్ట్ టైమ్."

మార్చి 3

ఏమీ చెప్పలేదు.

మార్చి 4

ఏమీ చెప్పలేదు. ఎల్లుండే గురువారం.

మళ్లీ ఉప్మా చేశాను. పోపులో ఆవాలు వేయలేదు. కంచం ముందు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఏరడానికని వేలు ముందుకి చాపి, కంచం అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అలాగే ఉండిపోయారు.

"ఆవాలు అయిపోయాయండీ" అన్నాను.

ఆవాలు గాజు సీసాలో, స్టవ్ పక్కన, మెడ దాకా ఉన్నాయి. ఆయన సీసా వైపు చూశారు. నేనూ చూశాను. తర్వాత ఆయన లేచి వెళ్లి కోటు జేబులోంచి ఒక మడత తెచ్చి నా ముందు పెట్టారు. పైన చర్చిలో పంచిన కరపత్రం, లోపల నా జవాబులు, వరసగా మడిచి. చూయింగ్ గమ్ ఎక్కడా లేదు.

"ఇది చదువు జ్ఞానా" అన్నారు. కంచం వైపు చూస్తూ అన్నారు.

మొదటిసారి చూస్తున్నట్టే చదివాను. ఒక చోట కామా తప్పు పడింది, అది కూడా అనలేదు. కాగితం కింద పెట్టి, చాలా నెమ్మదిగా మొదలుపెట్టాను. ఇన్నాళ్లూ ఒక్కరే ఇంత భయం మోసుకుంటూ తిరిగారా, నేనున్నది ఎందుకు, ఆసుపత్రిలో పనిచేసేదాన్ని ఇంట్లో పెట్టుకుని మిస్సిసాగాకి ఫోన్ చేస్తారా, వేసవికి మార్చుకుంటారా, మీకేమైనా అయితే నేనేం కావాలి అని అడిగాను. ఎక్కడో మధ్యలో షెర్లీ మెట్ల మీదికి వచ్చి నిలబడింది. అంటే గొంతు కొంచెం పెరిగే ఉంటుంది.

ఆయన కాగితం నావైపు జరిపి చివరి లైను మీద వేలు పెట్టారు.

అది భయం. కాసేపటికి తగ్గుతుంది.

నేను రాసిందే. ఆధారాలు లేకుండా రాసిన ఒకే ఒక్క వాక్యం. కుర్చీలో కూర్చుని ఏడ్చాను. నిజంగానే కాసేపటికి తగ్గింది. తర్వాత ఆయన ఉప్మా తిన్నారు.

మార్చి 5

రోజంతా చారు. ముందు క్యాలెండర్‌కి అడ్డం పెట్టి చూడటం, తర్వాత తాగడం. మధ్యాహ్నం నుంచి పేగు కడిగేసే మందు నీళ్లు మొదలయ్యాయి. ఆ తర్వాతి సంగతులు డైరీకి కూడా అక్కర్లేదు.

మార్చి 6

లోపలికి తీసుకెళ్లే ముందు చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసుకున్నాం. నేను చేస్తే గది మొత్తానికి వినబడుతుందని ఆయనే చేశారు, చిన్నగా.

బయట కూర్చున్నంతసేపూ ఏ వ్యాసమూ గుర్తు రాలేదు. పక్కనావిడ తన భర్త కోసం వచ్చింది, పరీక్ష గురించి ఏదో అడిగింది. నాకు తెలీదన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎప్పుడొచ్చిందో గుర్తు లేదు.

చిన్న కండలు రెండున్నాయట, తీసేసి ల్యాబుకి పంపారు. చూడ్డానికి భయపడేలా లేవని డాక్టరమ్మ అంది. మత్తులో మా ఆయన నవ్వుతూ పడుకుని ఉన్నారు. నన్ను చూసి చెయ్యి చాపారు.

"పొట్లకాయ గారూ, ఎలా ఉంది?" అన్నాను.

"నాకు ముందే తెలుసు" అన్నారు, నాలుక మడత పడుతోంది. "మొదటి జవాబు రెండో లైనులోనే తెలిసింది, నువ్వే రాశావని. స్కూల్లో బాయిలర్ రూములో నిలబడి చదివాను. అందుకే మళ్లీ మళ్లీ అడిగా."

"తెలిసి, నన్నే ఎదురుగా అడగొచ్చు కదా?"

"కాగితం మీద నువ్వు ఎంత నెమ్మదస్తురాలివి జ్ఞానా. ఒక్క పొల్లు మాట ఉండదు. చదువుతుంటే పక్కన కూర్చుని వీపు రాస్తున్నట్టుండేది" అని, కళ్లు మూసుకున్నారు. "పెళ్లికి ముందు నువ్వు రాసిన ఉత్తరాలు కూడా ఇంత మెత్తగా లేవు."

నర్సు వచ్చింది కనక బతికాను.

మార్చి 14

ల్యాబు రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. కొన్నేళ్లకి మళ్లీ ఒకసారి చూపించుకుంటే చాలన్నారు. దేవునికి స్తోత్రం. రెండు చేతులూ పైకెత్తి గట్టిగానే అన్నాను. షెర్లీ కూడా ఏమీ అనలేదు.

మా ఆయన మిస్సిసాగాకి ఫోన్ చేసి, తన సంగతి ఇక ఎవరికి చెప్పుకున్నా అభ్యంతరం లేదని రత్నకుమారి గారికి చెప్పారు. సాయంత్రానికల్లా బ్రాంప్టన్ నుంచి ఎవరో నాకు తెలియనావిడ ఫోన్ చేసి, చారు ఎలా వడకట్టాలని అడిగింది. రత్నకుమారి గారి ఆరోగ్యం కుదుటపడింది.

ఒక్క సంగతి మాత్రం మా ఆయనకి చెప్పలేదు. ఇషిత ప్రతి జవాబులో ఏమేం కొట్టేసిందో. భయపడి కూర్చుంటే జబ్బు ఆగుతుందా అన్నది, గింజల గురించి అన్నది, మూర్ఖుడు అన్నది. చెబుదామని రెండుసార్లు గొంతు దాకా వచ్చింది. కానీ ఆయన ఆ కాగితాలు బైబిల్లో పెట్టుకున్నారు.

మా జవాబుల్లో ఏ మాట ఎవరు రాశారో, ఎవరు కొట్టేశారో అడిగినవాళ్లకి చెప్పకూడదని ఒక నియమం ఉండాలి. చూశాను, లేదు. ఇవాళ రాసి పంపాను. ఇషిత అందులో కూడా ఒక వాక్యం కొట్టేసి సంతకం పెట్టింది.